బ్యాంగిల్ జేఎస్ 2కి తిథి చూపించే క్లాక్ యాప్: మెనూలో రాదు, చార్జింగ్ నిలవదు, తెలుగు పడదు

పొద్దుతిరుగుడు:

అందరికీ నమస్కారం. బ్యాంగిల్ జేఎస్ 2 అనే, జావాస్క్రిప్ట్‌లో యాప్‌లు రాసుకోగలిగే స్మార్ట్‌వాచీకి టైమ్, వారం, తిథి చూపించే క్లాక్ యాప్ ఒకటి రాస్తున్నాను. జావాస్క్రిప్ట్ బాగానే వచ్చు గానీ వాచీల వైపు కొత్త. ఎస్ప్రుయినో వెబ్ ఐడీఈలో (బ్రౌజర్‌లోనే కోడ్ రాసి వాచీకి పంపే పేజీ) రాసి, క్రోమ్ నుంచి బ్లూటూత్ మీద పంపిస్తే తెర మీద వెంటనే వస్తోంది. అక్కడి నుంచే చిక్కులు.

ఒకటి, బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే పాత క్లాక్ వచ్చేస్తుంది, నా యాప్ మాయం. లాంచర్‌లో (యాప్‌ల మెనూ) వెతికినా దాని పేరు ఉండదు.

రెండు, చార్జింగ్ చాలా తొందరగా దిగిపోతోంది. కోడ్‌లో సెకనుకోసారి నడిచే సెట్‌ఇంటర్వల్ ఉంది, అందులో జీ.క్లియర్ చేసి తెర మొత్తం మళ్లీ గీస్తున్నాను. సూర్యోదయం లెక్క కోసం మొదట్లో జీపీఎస్ ఆన్ చేస్తున్నాను.

మూడు, వారం పేరు, తిథి పేరు తెలుగులో రాయాలని ఉంది. తెర మీద మాటలు రాసే డ్రాస్ట్రింగ్‌కి తెలుగు మాట ఇస్తే పిచ్చి గుర్తులు పడుతున్నాయి. తెలుగు ఫాంట్ ఎక్కించే దారి ఉందా?

చివరికి దీన్ని డాలస్‌లో ఉన్న మా అక్క వాచీలో కూడా వేయాలి. తనకు కోడ్ సంగతి తెలియదు. ఫోన్‌లో లింకు తెరిచి, ఒక నొక్కు నొక్కితే ఎక్కేలా ఉండాలి.

---

టంకంకడ్డీ:

మొదటి చిక్కు సంగతి నేను చెప్తాను. మీరు పంపుతున్నది ర్యామ్‌లోకి వెళ్తోంది. ఐడీఈలో అప్‌లోడ్ బటన్ మామూలుగా చేసేది అదే. బటన్ నొక్కి పట్టుకుంటే వాచీ క్లాక్‌ని కొత్తగా లోడ్ చేసుకుంటుంది, ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది. కోడ్ దిద్దుకుంటున్నంతసేపూ ఇదే మేలు. ఎంత చెడగొట్టినా ఒక నొక్కుతో వాచీ మళ్లీ మామూలుగా లేస్తుంది.

నిలవాలంటే అప్‌లోడ్ బటన్ పక్కనున్న చిన్న బాణం నొక్కి, స్టోరేజ్ ఎంచుకుని, కొత్త ఫైల్‌గా తిథిక్లాక్.యాప్.జేఎస్ అని పేరు పెట్టండి. ఫైల్ పేరు 28 అక్షరాలు మించకూడదు. అదే పట్టీలో ఫ్లాష్ అనే ఎంపికలు కూడా కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు. అక్కడ పెట్టిన కోడ్ వాచీ లేచినప్పుడల్లా నడిచి, లాంచర్‌కీ మామూలు క్లాక్‌కీ అడ్డం పడుతుంది. పొరపాటున పెట్టినా బ్లూటూత్ కలుస్తున్నంతవరకూ ఫర్వాలేదు. యాప్ లోడర్ పేజీలో (వాచీలోకి యాప్‌లు ఎక్కించే వెబ్ పేజీ) మోర్ విభాగంలోకి వెళ్లి, యాప్‌లన్నీ తీసేసి, డిఫాల్ట్ యాప్‌లు మళ్లీ వేయిస్తే సరిపోతుంది.

ఫైల్ స్టోరేజ్‌లో ఉన్నంత మాత్రాన లాంచర్‌కి తెలియదు. లాంచర్ వెతికేది ఇన్ఫో ఫైళ్లను. ఐడీఈలో ఎడమవైపు కన్సోల్ నుంచే స్టోరేజ్.రైట్‌తో తిథిక్లాక్.ఇన్ఫో అనే ఫైల్ ఒకసారి రాయండి. అందులో ఐడీ, నేమ్, సోర్స్ అని మూడు ఉండాలి, సోర్స్ దగ్గర పై ఫైల్ పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. మీది క్లాక్ కాబట్టి టైప్ దగ్గర క్లాక్ అని కూడా రాయాలి. అది రాయకపోతే మామూలు యాప్‌లా లాంచర్‌లో కనపడుతుంది గానీ, సెట్టింగ్స్‌లో క్లాక్ ఎంచుకునే జాబితాలోకి రాదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

కోడ్‌లో వరుస కూడా ముఖ్యం. ముందు బ్యాంగిల్.సెట్‌యూఐకి క్లాక్ అని చెప్పాలి, ఆ తర్వాతే లోడ్‌విడ్జెట్స్, చివర డ్రావిడ్జెట్స్. విడ్జెట్లు (తెర అంచున బ్యాటరీ లాంటివి చూపించే చిన్న గుర్తులు) లోడ్ అయ్యేటప్పుడు ఇప్పుడు నడుస్తున్నది క్లాకా కాదా అని చూసుకునేవి ఉన్నాయి. వరుస తిరగబడితే, క్లాక్ మీద మాత్రమే కనపడాల్సిన విడ్జెట్ కనపడదు. సెట్‌యూఐ లేకపోతే బటన్ నొక్కినప్పుడు లాంచర్ కూడా రాదు.

తెర 176 బై 176 పిక్సెళ్లు, విడ్జెట్ల పట్టీ 24 పిక్సెళ్లు తీసుకుంటుంది. ఆ 24ని కోడ్‌లో నేరుగా రాయకండి. బ్యాంగిల్.యాప్‌రెక్ట్‌ని అడిగితే మిగిలిన చోటు ఎంతో అదే చెప్తుంది. విడ్జెట్లు కింద పెట్టుకునేవాళ్లూ, అసలే దాచేసేవాళ్లూ ఉంటారు. అమరిక చూసుకోవడానికి ఐడీఈలోనే ఎమ్యులేటర్ ఉంది, ప్రతిసారీ వాచీకి పంపనక్కర్లేదు.

---

ఇనుపగజ్జె:

చార్జింగ్ గురించి. మీరు రాసిన దాంట్లో అన్నిటికంటే పెద్ద చిల్లు జీపీఎస్. ఆన్ చేస్తున్నానన్నారు, ఆఫ్ ఎక్కడ చేస్తున్నారో రాయలేదు. ఈ వాచీ బ్యాటరీ 200 ఎంఏహెచ్. ఊరికే టైమ్ చూపిస్తూ ఉంటే వారాలు నడుస్తుంది, జీపీఎస్ ఆన్‌లో ఉంటే మాత్రం గంటల లెక్కే.

సెట్‌జీపీఎస్‌పవర్‌కి రెండో పారామీటర్‌గా మీ యాప్ పేరు ఇవ్వాలి. ఎవరెవరు అడిగారో వాచీ ఆ పేర్లతోనే గుర్తుపెట్టుకుంటుంది. ఒక పేరుతో ఆన్ చేసి, ఆఫ్ చేసేటప్పుడు పేరు ఇవ్వకపోతే మీ పద్దు అలాగే మిగిలిపోయి జీపీఎస్ ఆగదు. జీపీఎస్ ఈవెంట్‌లో ఫిక్స్ (ఉన్న చోటు) దొరకగానే అక్షాంశ రేఖాంశాలు ఒక జేసన్ ఫైల్‌లో రాసి, వెంటనే ఆఫ్ చేయండి. అసలు మీకు తిథే కావాలంటే జీపీఎస్ అక్కర్లేదు, ఆ సంగతి కింద ఎవరైనా తిథి తెలిసినవాళ్లు చెప్తారు.

తర్వాతది సెకన్ల టైమర్. ఇందులో ప్రాసెసర్ ఎన్‌ఆర్‌ఎఫ్52840, 64 మెగాహెర్ట్జ్. పని లేనప్పుడు నిద్రపోవడమే దాని బలం. మీరు సెకనుకోసారి లేపి 176 బై 176 తెర మొత్తం గీయిస్తున్నారు. పిక్సెల్‌కి 3 బిట్ల చొప్పున అది దాదాపు 11.6 కేబీ, రోజుకు 86,400 సార్లు. ఈ తెర తనలో ఉన్న బొమ్మను తానే పట్టుకుని ఉంటుంది. వాచీ పంపేది మారిన అడ్డవరుసల్ని మాత్రమే. కాబట్టి జీ.క్లియర్ బదులు అంకెలున్న చోటు వరకే క్లియర్‌రెక్ట్‌తో తుడిచి గీస్తే పంపే వరుసలు బాగా తగ్గుతాయి.

సెకన్లు వదిలేసి నిమిషానికోసారి గీయండి. దానికి 60,000 మిల్లీసెకన్ల సెట్‌ఇంటర్వల్ పెట్టకూడదు. యాప్ 10:20:37కి మొదలైతే, నిమిషం ఎప్పుడూ 37 సెకన్లు ఆలస్యంగా మారుతుంది. గీసిన ప్రతిసారీ ఇప్పటి టైమ్‌ని 60,000తో భాగించి, శేషాన్ని 60,000లోంచి తీసేసి, వచ్చినంతసేపటికి కొత్త సెట్‌టైమ్‌అవుట్ పెట్టండి. పెట్టేముందు పాత టైమ్‌అవుట్‌ని రద్దు చేయాలి. గీసే ఫంక్షన్‌ని లాక్ ఈవెంట్ నుంచి కూడా పిలిచేవాళ్లకు రద్దు చేయకపోతే టైమర్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. తెర మీద ఏ తేడా కనపడదు, చార్జింగ్ మాత్రం పోతుంది. సెకన్లు ఉండాల్సిందే అంటే బ్యాంగిల్.ఈజ్‌లాక్డ్ చూసి, లాక్ తీసి ఉన్నంతసేపే చూపించండి.

ఇంకో సంగతి: సెట్‌యూఐకి ఉత్త క్లాక్ అనే మాట కాకుండా, మోడ్, రిమూవ్ (క్లాక్ వదిలి వెళ్లేటప్పుడు నడిచే ఫంక్షన్) ఉన్న ఆబ్జెక్ట్ ఇస్తే లాంచర్ చటుక్కున తెరుచుకుంటుంది. వాచీ మొత్తం కోడ్‌ని పారేసి మళ్లీ మొదలెట్టనక్కర్లేదు కాబట్టి. అయితే రిమూవ్ ఇచ్చాక శుభ్రం చేయాల్సింది మీరే. టైమ్‌అవుట్ రద్దు చేయాలి, బ్యాంగిల్.ఆన్‌తో తగిలించిన ప్రతి ఫంక్షన్‌నీ రిమూవ్‌లిజనర్‌తో తీయాలి. ఒక్క టైమర్ మరిచిపోయినా, లాంచర్ మెనూ మీద మీ గడియారం అంకెలు వచ్చి పడతాయి. కోడ్ మొత్తాన్ని ఒక జత మీసాల బ్రాకెట్లలో పెట్టి, లోపల వేరియబుల్స్ అన్నీ లెట్‌తోనే రాయండి, ఫంక్షన్లు కూడా లెట్‌కి అప్పగించినట్టే రాయండి. మామూలు ఫంక్షన్ డిక్లరేషన్ రాస్తే అది గ్లోబల్‌లోకి పోయి మెమరీలో కూర్చుంటుంది. ఇదంతా ఇప్పుడే వద్దనుకుంటే రిమూవ్ ఇవ్వకండి. సగం శుభ్రం చేసిన రిమూవ్ కంటే అసలు లేకపోవడమే నయం.

సరిచూసుకోవడానికి కన్సోల్‌లో ఈ.గెట్‌పవర్‌యూసేజ్ అని కొట్టండి. ఏ భాగం ఎన్ని మైక్రో ఆంపియర్లు తింటోందో విడివిడిగా చూపిస్తుంది. అది మీటర్ పెట్టి కొలిచింది కాదు, ఫర్మ్‌వేర్ కట్టిన అంచనా. అయినా జీపీఎస్, గుండె సెన్సర్, బ్యాక్‌లైట్ లాంటివి మరిచిపోయి వదిలేస్తే వెంటనే దొరికిపోతాయి. ఐడీఈ కలిసి ఉన్నంతసేపూ బ్లూటూత్ ఖర్చు అదనంగా కనపడుతుంది, దాన్ని యాప్ ఖాతాలో వేయకండి.

---

బహుళపంచమి:

తెలుగు గురించి, తిథి గురించి నేను రాస్తాను.

వాచీలో ఉన్న ఫాంట్లలో తెలుగు లేదు. కొరియన్ లాంటి భాషలకు పీబీఎఫ్ ఫాంట్ (అక్షరాలు చిన్న బొమ్మలుగా ఉండే రకం) ఎక్కించుకునే వీలుంది, ఎందుకంటే అక్కడ ఒక కోడ్‌కి ఒక బొమ్మ చాలు. తెలుగుకి ఆ దారి పనికిరాదు. శుద్ధ అని రాయాలంటే ద కింద ధ వత్తు కూర్చోవాలి, త్రయోదశిలో త కింద రకారం వంగి రావాలి, యోలో గుణింతం అక్షరం రూపాన్నే మార్చేస్తుంది. ఆ కూర్పు చేసే ఇంజిన్ ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఉంటుంది, వాచీలో లేదు. ఫాంట్ ఎక్కించినా అక్షరాలు విడివిడిగా, వత్తులు పొట్టు విడిపోయినట్టు పడతాయి.

అందుకని మాటల్ని కంప్యూటర్‌లోనే బొమ్మలుగా చేసి పంపండి. బ్రౌజర్‌లో చిన్న హెచ్‌టీఎంఎల్ పేజీ, అందులో 176 బై 40 క్యాన్వాస్. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు రాయండి, తిరగేసి కాదు. 1 బిట్ బొమ్మలో వెలుగున్న పిక్సెల్ 1 అవుతుంది, వాచీ 1ని ముందు రంగుతోనూ 0ని వెనక రంగుతోనూ గీస్తుంది. అలా చేస్తే లైట్ థీమ్, డార్క్ థీమ్ రెండిట్లోనూ అదే బొమ్మ సరిపోతుంది.

అక్షరం సైజు 24 పిక్సెళ్లకు తగ్గితే వత్తులు పూడుకుపోతాయి. 24కి ఎత్తు 40 ఎందుకంటే పైన గుడి, కింద వత్తు రెండూ ఉన్న మాటకు ఇంగ్లిష్ కంటే చాలా ఎక్కువ చోటు కావాలి. క్యాన్వాస్ అక్షరాల అంచుల్ని బూడిదరంగుతో నునుపు చేస్తుంది. దాన్ని 1 బిట్‌కి దించినప్పుడు సన్నటి గీతలు తెగిపోతాయి. నోటో సాన్స్ తెలుగు బోల్డ్ గానీ, రామభద్ర లాంటి లావు ఫాంట్ గానీ వాడండి. పెద్దగా రాసి కుదించకండి, కావాల్సిన సైజులోనే రాయండి. ఎక్కడ తెల్లగా లెక్కవేయాలన్న హద్దును 128 దగ్గర మొదలుపెట్టి, 100 వైపు దించుతూ చూస్తే తలకట్లు నిలబడతాయి. తెర 3 బిట్లది, 8 రంగులే. మిగతా రంగులు చుక్కలు కలిపి చూపించేవే కాబట్టి అక్షరాలకు అచ్చమైన రంగే వాడండి.

బొమ్మ లెక్క: వరుసకు 22 బైట్లు, 40 వరుసలు, 880 బైట్లు. ముందు 176, 40, 1 అని మూడు బైట్ల తల. మొత్తం 883.

తిథికి వస్తే, వాచీలో సూర్యచంద్రుల లెక్క కట్టొద్దు. కట్టొచ్చు గానీ చంద్రుడి గతికి చాలా పదాల సూత్రం కావాలి, కొన్నిటితో సరిపెడితే తిథి మారే వేళ పంచాంగంతో కలవదు. కంప్యూటర్‌లో మంచి లైబ్రరీతో ఏడాది పట్టిక తయారుచేసి పంపడం సుఖం. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. చంద్రుడి వేగం సమంగా ఉండదు కాబట్టి ఒక తిథి సుమారు 19 గంటల నుంచి 26 గంటల దాకా ఉంటుంది. అందుకే రోజుకొకటి అని లెక్కపెట్టుకుంటూ పోతే కుదరదు. ఏడాదికి సుమారు 371 తిథులు. ప్రతి తిథీ ముగిసే క్షణాన్ని యూటీసీ సెకన్లలో 4 బైట్ల చొప్పున రాస్తే 1,484 బైట్లు. తిథుల వరుస ఎప్పుడూ మారదు కాబట్టి మొదటి తిథి ఏదో ఒక్కసారి ముందు రాస్తే చాలు. స్టోరేజ్.రీడ్‌అరేబఫర్‌తో చదివి యూఇంట్32అరేలో పెట్టండి. కంప్యూటర్‌లో రాసేటప్పుడు లిటిల్ ఎండియన్‌లోనే (చిన్న విలువ బైట్ ముందు వచ్చేలా) రాయాలి.

ఇందులో మంచి సంగతి, తిథి ముగిసే క్షణం భూమి మీద అందరికీ ఒకటే. డాలస్‌లో ఉన్న మీ అక్కగారికీ అదే పట్టిక సరిపోతుంది. వాచీలో టైమ్‌జోన్ సరిగ్గా ఉంటే అక్కడి గంటల్లో చూపిస్తుంది, డేలైట్ సేవింగ్ మారినప్పుడు ఫోన్‌తో కలిస్తే అదే సర్దుకుంటుంది. ఊరిని బట్టి మారేది సూర్యోదయానికి ఏ తిథి ఉందన్నది. పండుగలు, వ్రతాలు చూసుకునేది దాన్నిబట్టే. మీ క్లాక్ చూపించేది ఆ క్షణానికి నడుస్తున్న తిథి అయితే, పక్కన ఎప్పటివరకో కూడా చిన్నగా రాయండి. లేకపోతే చూసినవాళ్లు ఈరోజు ఏకాదశి కాదనుకునే ప్రమాదం ఉంది.

---

పొద్దుతిరుగుడు:

చాలా థాంక్సండీ. ఇన్ఫో ఫైల్‌లో టైప్ కలిపాక క్లాక్ జాబితాలో వచ్చింది. జీపీఎస్ తీసేశాను. బొమ్మల గురించి ఒక సందేహం. 14 తిథుల పేర్లు, పౌర్ణమి, అమావాస్య, శుద్ధ, బహుళ, 7 వారాలు కలిపి 25 చిన్న బొమ్మలు చేసి, వాచీలో రెండేసి జతచేస్తే చోటు కలిసొస్తుంది కదా? ఒక్కో దాన్ని ఒక ఫైల్‌గా పెట్టాలా?

---

బహుళపంచమి:

వద్దండీ. ఇక్కడ చోటుకి కరువు లేదు, బయటి ఫ్లాష్ 8 ఎంబీ ఉంది. పక్షంతో కలిపి 30 తిథులకు 30 నిండు బొమ్మలు, 7 వారాలకు 7 చేయండి. 37 బొమ్మలు, 32,671 బైట్లు. శుద్ధ పాడ్యమి 0, అమావాస్య 29 అనుకుంటే తిథి అంకె ఏదో బొమ్మ అంకె అదే, జతచేసే కోడే ఉండదు. వారాలు 30 నుంచి, ఆదివారంతో మొదలుపెట్టండి. జావాస్క్రిప్ట్ గెట్‌డే ఆదివారానికి 0 ఇస్తుంది.

37 ఫైళ్లుగా మాత్రం పెట్టకండి. స్టోరేజ్ ఫైల్ పేరు కోసం ఒక్కో ఫైల్ తల చూసుకుంటూ వెళ్తుంది, ఫైళ్లు పెరిగేకొద్దీ వాచీ మొత్తం మందగిస్తుంది. అన్నీ ఒకదాని వెనక ఒకటి పేర్చి ఒకే ఫైల్ చేయండి. స్టోరేజ్.రీడ్‌కి ఫైల్ పేరు, అంకె ఇంటూ 883, పొడవు 883 అని ఇస్తే ఆ ముక్క వస్తుంది. తల దానితోపాటే ఉంది కాబట్టి నేరుగా డ్రాఇమేజ్‌కి ఇచ్చేయొచ్చు. అలా చదివిన ముక్క ఫ్లాష్‌లోనే ఉంటుంది, ర్యామ్ తినదు.

---

టంకంకడ్డీ:

ఇక అక్కగారికి పంపడం. గిట్‌హబ్‌లో బ్యాంగిల్‌యాప్స్ రిపోని ఫోర్క్ చేసి (మీ ఖాతాలోకి నకలు తీసుకుని), సెట్టింగ్స్‌లో పేజెస్ (రిపోని వెబ్ పేజీగా చూపించే సదుపాయం) ఆన్ చేయండి. కొద్ది నిమిషాల్లో మీ పేరుతో సొంత యాప్ లోడర్ తయారవుతుంది, ఆ లింకే ఆమెకు పంపేది. కంప్యూటర్‌లోకి క్లోన్ చేసేటప్పుడు సబ్‌మాడ్యూల్స్‌తో (లోపల కలిపి ఉన్న వేరే రిపోలు) సహా చేయాలి. లోడర్ అసలు గుండె కోర్ అనే సబ్‌మాడ్యూల్‌లో ఉంటుంది, అది లేకపోతే పేజీ ఖాళీగా వస్తుంది.

యాప్స్ ఫోల్డర్‌లో మీ యాప్ ఐడీ పేరుతోనే ఫోల్డర్ పెట్టి, అందులో యాప్ కోడ్, 48 బై 48 ఐకాన్, చేంజ్‌లాగ్, మెటాడేటా జేసన్ ఉంచండి. మెటాడేటాలో సపోర్ట్స్ దగ్గర బ్యాంగిల్‌జేఎస్2, టైప్ దగ్గర క్లాక్. స్టోరేజ్ జాబితాలో మీ కోడ్, ఐకాన్, బొమ్మల ఫైల్, తిథి పట్టిక నాలుగూ రాయాలి. ఐకాన్‌కి మాత్రం ఎవాల్యుయేట్ ట్రూ అని ఉండాలి. అది లేకపోతే బొమ్మకు బదులు దాన్ని విప్పే కోడ్ అక్షరాలే ఫైల్‌లోకి వెళ్లి, లాంచర్‌లో చెత్త కనపడుతుంది. ఇన్ఫో ఫైల్ మీరు రాయనక్కర్లేదు, లోడరే తయారుచేస్తుంది. యాప్ నడిచేటప్పుడు తాను రాసుకునే సెట్టింగ్స్ ఫైల్ ఉంటే దాన్ని డేటా అనే జాబితాలో రాయండి. యాప్ తీసేసినప్పుడు అదీ పోతుంది, అప్‌డేట్‌కి మాత్రం నిలుస్తుంది.

పుష్ చేసేముందు నోడ్‌తో బిన్ ఫోల్డర్‌లోని శానిటీచెక్ (తప్పులు పట్టే స్క్రిప్ట్) నడపండి. మెటాడేటా చివర ఒక్క కామా ఎక్కువైనా మీ యాప్ ఒక్కటే కాదు, లోడర్‌లో యాప్‌ల జాబితా మొత్తం రాకుండా పోతుంది. కోడ్ మార్చిన ప్రతిసారీ మెటాడేటాలో వెర్షన్ అంకె పెంచి, చేంజ్‌లాగ్‌లో అదే అంకెతో ఒక వరుస రాయండి. అంకె మారకపోతే అక్కగారి ఫోన్‌లో అప్‌డేట్ బటనే కనపడదు.

ఆమెది ఆండ్రాయిడ్ అయితే క్రోమ్ చాలు. ఐఫోన్ సఫారీలో వెబ్ బ్లూటూత్ (పేజీ నుంచే బ్లూటూత్ వాడే వీలు) లేదు, బ్లూఫై అనే బ్రౌజర్ వేసుకుని అందులో లింకు తెరవాలి. ఆండ్రాయిడ్‌లో గ్యాడ్జెట్‌బ్రిడ్జ్ (ఫోన్‌ని వాచీతో కలిపే యాప్) వాడుతుంటే ఒక మెలిక ఉంది. వాచీ ఒకరితో కలిసి ఉండగా ఇంకొకరికి కనపడదు. క్రోమ్ ఎంత వెతికినా దొరకకపోతే గ్యాడ్జెట్‌బ్రిడ్జ్‌లో డిస్‌కనెక్ట్ చేయమనండి. లేదా బ్యాంగిల్ కోసం చేసిన గ్యాడ్జెట్‌బ్రిడ్జ్ అయితే, అందులో బ్యాంగిల్ సెట్టింగ్స్‌లో యాప్ లోడర్ చిరునామా దగ్గర మీ లింకు పెట్టిస్తే అక్కడి నుంచే ఎక్కుతుంది. అదే సెట్టింగ్స్‌లో టెక్స్ట్ యాజ్ బిట్‌మ్యాప్స్ కూడా ఆన్ చేయించండి. ఫాంట్‌లో లేని మాటల్ని ఫోనే బొమ్మలుగా మార్చి పంపుతుంది, తెలుగులో వచ్చే మెసేజీలు కూడా చదువుకోవచ్చు.

---

ఇనుపగజ్జె:

ఒకటి కలుపుతాను. పట్టికలో నిమిషానికోసారి మొదటి నుంచి వెతకొద్దు. ఇప్పటి తిథి ఎన్నోదో గుర్తుపెట్టుకుని, దాని ముగింపు దాటినప్పుడే తర్వాతదానికి జరగండి. టైమ్ మార్చినప్పుడు, లేదా యాప్ కొత్తగా మొదలైనప్పుడు మాత్రం మొదటి నుంచి వెతకాలి. పట్టికలో చివరి తిథి కూడా దాటిపోతే ఆ వరుస ఖాళీగా వదిలి, పట్టిక అయిపోయిందని చిన్న గుర్తు పెట్టండి. చివరి తిథినే పట్టుకుని కూర్చునేలా రాయకండి, చూసేవాళ్లు దాన్ని నమ్ముతారు. వచ్చే ఏడాది పట్టికను ఉగాదికి ముందే వెర్షన్ పెంచి పెడితే అక్కగారు ఒక అప్‌డేట్ నొక్కితే చాలు.